లోహం గుర్తుంచుకున్న వేడి

స్మారకోపన్యాసానికి సాధారణంగా ఒకరి పేరు ఉంటుంది. ఈ ఉపన్యాసం మాత్రం పేర్లు మనదాకా చేరని మనుషుల స్మృతికి. జగిత్యాల నుంచి కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూరు వెళ్ళే దారికి దగ్గర్లో, కమ్మర్‌పల్లి మండలంలో కోనసముద్రం అనే ఊరుంది. అక్కడ మట్టి మూసల్లో ఉక్కు తీసిన కమ్మరుల గురించి నేను మాట్లాడబోతున్నాను. వాళ్ళ పనిని దగ్గర నిలబడి చూసి రాసినవాడు హెన్రీ వెస్లీ వాయ్‌సీ. దేశాన్ని త్రిభుజాలుగా కొలిచిన మహా సర్వేలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేసి 1824లో చనిపోయాడు. ఆయన రాసిపెట్టిన వివరణ 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఉక్కు కొనడానికి ఇస్పహాన్ నుంచి వచ్చి కోనసముద్రంలో మకాం పెట్టిన వర్తకుడు హాజీ హుసేన్ పేరు మనకు అందింది. ఆ ఉక్కును చేసినవాళ్ళ పేర్లు అందలేదు. వాళ్ళ పని మాత్రం చాలా వివరంగా అందింది. మీర్తపల్లి ఇనుము మూడు పాళ్ళు, కొండాపూర్ ఇనుము రెండు పాళ్ళు కలిపేవారు. మొదటిది నల్ల ఇసుక లాంటి ఖనిజం నుంచి తీసింది, రెండోది ఎర్రమట్టి ఖనిజం నుంచి తీసింది. మూసకు మూత పెట్టి, మట్టితో మెత్తి, తిత్తుల గాలితో రాత్రీ పగలూ కొలిమి నడిపేవారు. కొలిమిలోనే చల్లారనిచ్చి మూస పగలగొడితే కిలోకు తక్కువ తూగే ఉక్కు బిళ్ళ వచ్చేది. అంతటితో పని అయిపోయేది కాదు. ఆ బిళ్ళకు మళ్ళీ మట్టి పట్టించి పన్నెండు, పదహారు గంటలు మెల్లని సెగలో ఉంచి చల్లార్చేవారు. అలా మూడు నాలుగు సార్లు, లోహం సుత్తికి లొంగేదాకా చేసేవారు.

ఈ చివరి పని గురించే నా ఉపన్యాసమంతా. కోనసముద్రం ఉక్కు గురించి రాసినవాళ్ళు ఎక్కువగా దాని పదును గురించి, డమాస్కస్ కత్తి మీద నీటి అలల్లాంటి చారల గురించి రాశారు. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే కూడా ఆ కత్తులకు తగిన ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచి పోతుందని రాశాడు. ఆ కీర్తి నిజమే. కానీ లోహశాస్త్రం చదివినవాడిని ఆపి నిలబెట్టేది పన్నెండు గంటల ఆ మెల్లని సెగ. మూసలోంచి వచ్చిన బిళ్ళలో ఒకటిన్నర శాతానికి అటూ ఇటూ కార్బన్ ఉంటుంది. అంత కార్బన్ ఉన్న ఉక్కు గడ్డకట్టాక చల్లారేటప్పుడు గింజల (లోహపు స్ఫటికాల) అంచుల వెంట సిమెంటైట్ అనే గట్టి, పెళుసు పదార్థం వల అల్లినట్టు ఏర్పడుతుంది. సుత్తి దెబ్బ పడితే ఆ వల వెంటే చీలుతుంది. పదేపదే మెల్లగా కాచి చల్లార్చితే ఆ వల తెగి ముక్కలై, అంచులు గుండ్రబడి, లోహం సాగడానికి చోటు దొరుకుతుంది. పైపొరలో కొంత కార్బన్ పోవడం తప్పిస్తే బిళ్ళ కూర్పు మారలేదు. కాచకముందు ముక్కలయ్యేది, కాచాక కత్తిగా సాగింది. తేడా అంతా ఆ లోహం ఎంత వేడిని, ఎంతసేపు, ఏ వరసలో చవిచూసిందన్న దాంట్లోనే ఉంది. దీన్ని వేడి చరిత్ర అందాం. లోహానికి దాని రసాయన కూర్పు ఎంత ముఖ్యమో వేడి చరిత్ర కూడా అంతే ముఖ్యం; చాలా చోట్ల అంతకన్నా ఎక్కువ. మన జిల్లాల్లో వెల్డింగ్ గురించి, లోహపు త్రీడీ ప్రింటింగ్ గురించి పరిశోధన జరగాలంటే అది ఈ చరిత్రను చదవడంతో మొదలవ్వాలి, యంత్రం కొనడంతో మొదలవ్వకూడదు. నేను నిలబెట్టదలచిన వాదం ఇదొక్కటే.

ముందు వెల్డింగ్ సంగతి చూద్దాం. ఆర్క్ తగిలిన చోట ఉక్కు పదిహేను వందల డిగ్రీలు దాటి కరుగుతుంది. కరిగిన చోటును అందరూ చూస్తారు. వెల్డింగ్ శాస్త్రం ఎక్కువగా చూసేది మాత్రం దాని పక్కన కరగకుండా ఉండిపోయిన కొన్ని మిల్లీమీటర్ల పట్టీని. అక్కడి ఉక్కు క్షణాల్లో వెయ్యి డిగ్రీలు దాటుతుంది. చుట్టూ ఉన్న చల్లని ప్లేటు ఆ వేడిని అంతే వేగంగా లాగేసుకుంటుంది. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచినట్టే అవుతుంది, నీళ్ళే లేవు. కార్బన్ తక్కువున్న ఉక్కైతే సర్దుకుంటుంది. కార్బన్, మాంగనీసు, క్రోమియం ఎక్కువైతే ఆ పట్టీ మార్టెన్‌సైట్ అనే గట్టి, పెళుసు రూపంలోకి మారుతుంది. అప్పుడు తడి రాడ్డు నుంచి, తుప్పు నుంచి, నూనె మరక నుంచి వచ్చిన హైడ్రోజన్ ఆ పట్టీలోకి చేరి, వెల్డర్ పని ముగించి ఇంటికి పోయాక, కొన్ని గంటలకో ఒకటి రెండు రోజులకో చీలిక తెస్తుంది. 7018 రకం వెల్డింగ్ రాడ్లను మూడు వందల డిగ్రీలకు పైగా కాల్చి, వేడి డబ్బాలో పెట్టుకుని ఒక్కొక్కటే తీయమని చెప్పేది ఇందుకే. వానాకాలంలో రేకుల షెడ్డు కింద విప్పిన ప్యాకెట్లోంచి తీసిన రాడ్డు చూపుకి పొడిగానే ఉంటుంది. దాని పూతలో తేమ ఉందో లేదో కంటికి తెలియదు.

వేడి చరిత్రను చదవకపోతే ఏమవుతుందో ప్రపంచం ఒకసారి పెద్ద ఎత్తున చూసింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా రివిట్లు మానేసి వెల్డింగుతో వేల ఓడలు కట్టింది. 1943 జనవరి 16న, కొత్తగా కట్టిన స్కెనెక్టడీ అనే చమురు ఓడ పోర్ట్‌లాండ్ రేవులో, తుపాను లేదు, యుద్ధం లేదు, నిలకడ నీళ్ళ మీద నిలబడి ఉండగానే దాదాపు రెండుగా విరిగింది. తప్పు వెల్డింగుదేనని చాలామంది అన్నారు. లోపమున్న వెల్డులు దొరికాయి కూడా. కేంబ్రిడ్జిలో కాన్‌స్టన్స్ టిప్పర్ చేసిన పరీక్షలు కథను ఇంకా లోతుకు తీసుకెళ్ళాయి. ఆ కాలపు ఉక్కు చలి ఒక హద్దు దాటగానే సాగే గుణం పోగొట్టుకుని పెళుసుబారుతోందని తేలింది. రివిట్ల ఓడలో చీలిక ఒక ప్లేటు అంచు దాకా వచ్చి ఆగుతుంది. వెల్డు చేసిన ఓడ అంతా ఒకే లోహం కనుక చీలికకు అడ్డే ఉండదు. ఇక్కడ ఉక్కు తయారీ, వెల్డు నాణ్యత, మూలల ఆకారం, ఆ రోజు చలి అన్నీ కలిసి పనిచేశాయి. ఎవరో ఒక వెల్డర్ మీద నేరం మోపి ఊరుకుంటే ఇందులో సగం తెలిసేది కాదు. వెల్డు విరిగిన ప్రతిసారీ మనం అడిగే మొదటి ప్రశ్న, "ఎవడు చేశాడు?" అన్నది. దాన్ని మార్చుకుని "ఈ ముక్క ఏ వేడి చూసింది?" అని అడగడం నేర్చుకోవాలి.

ఈ ప్రశ్న మన ప్రాంతానికి పరాయిది కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి దుబాయికి, మస్కట్‌కు, సౌదీకి వెళ్ళిన వాళ్ళలో మేస్త్రీలతో పాటు ఫిట్టర్లు, వెల్డర్లు ఎందరో ఉన్నారు. అక్కడ "సిక్స్ జీ వెల్డర్" అనిపించుకోవాలంటే నలభై అయిదు డిగ్రీల వాలులో కదలకుండా బిగించిన పైపును చుట్టూ తిరిగి వెల్డు చేయాలి. కింది నుంచి, పక్క నుంచి, మీది నుంచి, ఒకే అతుకులో అన్ని భంగిమలూ వస్తాయి. కరిగిన లోహం ఒకచోట కిందికి జారాలని, ఇంకోచోట లోపలికి కుంగాలని చూస్తుంటుంది. ఆ పరీక్ష దాటిన చేయి తేలిక చేయి కాదు. కొత్త తరం థర్మల్ కేంద్రాల్లో, రిఫైనరీల్లో వాడే పి91 ఉక్కు సంగతి ఇంకా కఠినం. తొమ్మిది శాతం క్రోమియం, ఒక శాతం మాలిబ్డినం ఉన్న ఆ ఉక్కును రెండు వందల డిగ్రీలకు ముందే కాచాలి. వెల్డు చేస్తున్నంతసేపూ ఆ వేడి నిలపాలి. పని అయ్యాక ఒక హద్దు దాకా చల్లారనిచ్చి, మళ్ళీ 730 నుంచి 770 డిగ్రీల మధ్య గంటల తరబడి ఉంచాలి. పైపుకు థర్మోకపుల్ తీగలు అతికి, యంత్రం ఆ వేడినంతా గ్రాఫు కాగితం మీద గీతగా గీస్తుంది. ఆ కాగితం లేకపోతే ఆ అతుకు చెల్లదు. కోనసముద్రంలో మట్టి పట్టించి పన్నెండు గంటలు మెల్లని సెగలో ఉంచడానికీ దీనికీ ఉద్దేశం ఒక్కటే: గట్టిపడి పెళుసుబారిన లోహాన్ని తిరిగి పనికి తెచ్చుకోవడం. పాతదానికీ కొత్తదానికీ తేడా ఆ గ్రాఫు కాగితం. ఆ తేడా చాలా పెద్దది. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఇక లోహపు త్రీడీ ప్రింటింగ్. ప్రింటింగ్ అనే పేరు వల్ల ఇది కంప్యూటర్ల విద్య అన్న అభిప్రాయం బలపడింది. బొమ్మ గీయడం, ఫైలు పంపడం, యంత్రం నుంచి భాగం తీసుకోవడం, ఇంతేనని కాలేజీల్లో కూడా అనుకుంటున్నారు. ప్లాస్టిక్ విషయంలో అది కొంతవరకు నిజం. లోహం విషయంలో ఈ విద్య పుట్టిందే ఆర్క్ రాడ్డు చివర. వెస్టింగ్‌హౌస్ కంపెనీకి చెందిన రాల్ఫ్ బేకర్, కరిగిన రాడ్డు లోహాన్ని వరస మీద వరసగా పోసి పాత్రలు, అలంకార వస్తువులు కట్టే పద్ధతికి 1920లో దరఖాస్తు పెట్టి 1925లో పేటెంట్ తీసుకున్నాడు. కంప్యూటర్ అన్న మాటకు ఈనాటి అర్థం ఇంకా రాని రోజులవి. ఇవాళ రాకెట్ భాగాలు చేసే లేజర్ యంత్రాల్లో లోహపు పొడిని ముప్ఫై నలభై మైక్రాన్ల మందంలో పరుస్తారు. వెంట్రుక మందం కూడా అంతకన్నా ఎక్కువే. దాని మీద లేజర్ ఒక సన్నని గీత కరిగించి పోతుంది. మళ్ళీ పొడి, మళ్ళీ గీత. అరచేతిలో పట్టే భాగం పూర్తయ్యేసరికి ఆ గీతల పొడవు కిలోమీటర్లలో ఉంటుంది. ఆ ప్రతి గీతా ఒక వెల్డే. చల్లారే వేగం సెకనుకు లక్ష నుంచి పది లక్షల డిగ్రీల లెక్కలో ఉంటుంది. కింది పొర మీద పై పొర వేస్తున్న ప్రతిసారీ కింది పొర మళ్ళీ కాగుతుంది. అలా ఒక్కో చోట లోహం ఎన్నోసార్లు కాగి చల్లారుతుంది. లోపాలు కూడా వెల్డర్‌కు తెలిసినవే: లోపల గాలి బుడగలు, వేడి చీలికలు, గీతకూ గీతకూ మధ్య కలవని చోట్లు, లోపల బిగుసుకుపోయి భాగాన్ని వంచేసే ఒత్తిడి.

దీనికి రెండు సాక్ష్యాలు చెబుతాను. విమానాల్లో వాడే 7075 అల్యూమినియం వెల్డింగుకు పనికిరాదని వెల్డర్లకు ఎప్పటి నుంచో తెలుసు. గడ్డకట్టేటప్పుడు పొడవాటి గింజలు నిలువుగా పెరిగి, వాటి మధ్య మిగిలిన ద్రవపు పొర వెంట చీలుతుంది. లేజర్ ప్రింటింగ్‌లోనూ అచ్చం అలాగే చీలింది. 2017లో అమెరికాలోని హెచ్‌ఆర్‌ఎల్ ప్రయోగశాల వాళ్ళు పొడి రేణువుల మీద జిర్కోనియం నానో కణాలు అంటించి ప్రింట్ చేశారు. గింజలు పొడుగ్గా పెరగకుండా చిన్నవిగా, అన్ని వైపులా సమంగా వచ్చాయి. చీలికలు పోయాయి. పని జరిగింది గడ్డకట్టే విధానంలో. లేజర్‌లోనో ఫైలులోనో కాదు. రెండో సాక్ష్యం మనకు ఇంకా దగ్గరిది. 2020లో జర్మనీలోని డ్యుసెల్‌డార్ఫ్ మాక్స్ ప్లాంక్ ఇనుము పరిశోధన సంస్థ, ఆఖెన్‌లోని ఫ్రాన్‌హోఫర్ లేజర్ సంస్థ కలిసి నేచర్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించాయి. దాని శీర్షికలో డమాస్కస్ ఉక్కు పేరు ఉంది. వాళ్ళు వాడింది పందొమ్మిది శాతం నికెల్, అయిదు శాతం టైటానియం ఉన్న ఉక్కు పొడి. ఒకే పొడి, ఒకే యంత్రం. కొన్ని పొరలు వేశాక లేజర్‌ను ఆపి, లోహం 195 డిగ్రీల కిందికి చల్లారనిచ్చారు. అప్పుడు ఆ పొరల నిర్మాణం మారింది. ఆ తర్వాత వేసిన పొరల వేడి తగలగానే వాటిలో నికెల్ టైటానియం అతి సన్నని కణాలుగా ఏర్పడి గట్టిపరిచింది. ఆగకుండా వేసిన పొరలు మెత్తగా ఉండిపోయాయి. మెత్తని పొరలూ గట్టి పొరలూ ఒకదాని మీద ఒకటిగా వచ్చిన ఆ ఉక్కు 1300 మెగాపాస్కల్ బలం చూపింది, తెగే ముందు పది శాతం సాగింది. వేరే లోహం కలపలేదు, తర్వాత కొలిమిలో పెట్టలేదు. లేజర్ ఎప్పుడు ఆగాలి అన్నదే వాళ్ళ ఆవిష్కారం.

ఇక్కడ ఒక దిద్దుబాటు అవసరం. ఆ వ్యాసం పోలిక తెచ్చుకున్నది మెత్తని ఉక్కునూ గట్టి ఉక్కునూ మడతలు పెట్టి కొట్టిన పొరల కత్తులతో. కోనసముద్రం బిళ్ళ నుంచి వచ్చిన కత్తి అలాంటిది కాదు. అందులో పొరలు అతికినవి కావు. చారలు ఒకే బిళ్ళ లోపల, గడ్డకట్టేటప్పుడే మొదలై, మెల్లని సెగలో, సుత్తి కింద స్పష్టపడ్డాయి. మన ఊరి పేరు జర్మనీ వ్యాసానికి అతికించి గర్వపడటం సులువు, అది తప్పు. రెంటికీ ఉన్న బంధం వేరే చోట ఉంది. కాచడానికీ చల్లార్చడానికీ మధ్య విరామాన్ని చేతిలో పెట్టుకున్నవాడి చేతికి లోహం గుణం వస్తుంది. ఆ విరామాన్ని కోనసముద్రంలో గంటల్లో లెక్కించారు, డ్యుసెల్‌డార్ఫ్‌లో సెకన్లలో.

దీనికి మొదటి ఆక్షేపణ ఇలా వస్తుంది. ఆ కమ్మరులకు ఇదంతా తెలిసే చేశారా? జాన్ వర్హోవెన్ అనే లోహశాస్త్రవేత్త, ఆల్ఫ్రెడ్ పెండ్రే అనే కత్తుల కమ్మరి కలిసి 1990లలో ఏళ్ళ తరబడి చేసిన ప్రయోగాలు చూపించిందేమిటంటే, ఆ చారలకు కారణం ఖనిజంలో పదివేలలో ఒక వంతు కూడా ఉండనవసరం లేని వెనేడియం లాంటి మలినాలు. ఖనిజం మారితే అవే చేతులు, అదే కొలిమి, కత్తి మీద చార రాదు. ఎందుకు రాలేదో ఆ కమ్మరికి తెలిసే దారి లేదు. ఈ ఆక్షేపణను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. మూడు పాళ్ళకు రెండు పాళ్ళు కలపాలన్న నియమం, ఊక కలిపిన మట్టితో మూస చేయడం, ఇవి అనుభవం మీద నిలబడ్డ గట్టి జ్ఞానం. థెల్మా లోవ్ అనే పరిశోధకురాలు పరీక్షించిన మూసల్లో ఆ ఊక మాడి మిగిల్చిన కార్బన్, సిలికా మట్టికి మహా వేడిలో బలమిచ్చాయి. కానీ కారణం తెలియని జ్ఞానం పరిస్థితి మారినప్పుడు నిలబడలేదు. విదేశీ చౌక ఉక్కు వచ్చింది, బొగ్గుకు అడవి అందకుండా పోయింది, కొలిమి ఆరింది. ఏ నియమం ఎందుకు పెట్టుకున్నారో రాసినవాళ్ళు లేకపోవడంతో తిరిగి మొదలుపెట్టడానికి ఏమీ మిగల్లేదు. 2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ కలిసి అప్పటి ఆదిలాబాద్, కరీంనగర్, నిజామాబాద్, వరంగల్ జిల్లాల్లో సర్వే చేస్తే వందకు మించిన చోట్ల చిట్టెం, మూస ముక్కలు దొరికాయి. మన తెలుగు చరిత్రకారులు, ముఖ్యంగా ఎస్. జైకిషన్, ఏళ్ళ తరబడి ఈ చోట్లు తిరిగి నమోదు చేశారు. ఆ చోట్ల దొరికే ప్రతి ముక్కా ఒక వేడి చరిత్రే, చదవాల్సిన వాళ్ళ కోసం ఉంది. రోడ్డు పనులకూ పొలం చదును చేయడానికీ పోకముందు వాటిని చదవడం కూడా లోహ పరిశోధనే.

రెండో ఆక్షేపణ వెల్డర్ల నుంచే వస్తుంది: చేతి పని శాస్త్రానికి లొంగదు. లొంగుతుందని నా వాదం. ఆర్క్ వోల్టేజి 24, కరెంటు 120 ఆంపియర్లు, చేయి నిమిషానికి 150 మిల్లీమీటర్లు కదిలితే ఒక్కో మిల్లీమీటరుకు సుమారు 1150 జౌళ్ళ వేడి పోతుంది. అదే చేయి నిమిషానికి 100 మిల్లీమీటర్లకు తగ్గితే 1730 దాకా పెరుగుతుంది. అనుభవమున్న వెల్డర్ చేయి "ఇక్కడ కొంచెం ఆగాలి" అనుకునేది ఈ అంకెనే. దాన్ని కొలిస్తే ఆ చేయి విలువ తగ్గదు. ఆ నిర్ణయం ఇంకొకరికి నేర్పగలిగేది అవుతుంది, యంత్రానికి చెప్పగలిగేది అవుతుంది.

పని ఎక్కడుందో ఊళ్ళలో చూద్దాం. సిరిసిల్ల సాంచాల్లో, అంటే మరమగ్గాల్లో, చాలా భాగాలు పోత ఇనుముతో చేసినవి. మూడు శాతానికి పైగా కార్బన్ ఉన్న ఆ లోహం విరిగితే అతకడం కష్టం. అనుభవమున్న వెల్డర్ నికెల్ రాడ్డుతో చిన్న చిన్న ముక్కలుగా వెల్డు వేస్తాడు. వేసిన వెంటనే సన్నగా సుత్తితో కొడతాడు. భాగాన్ని బూడిదలోనో సున్నంలోనో పూడ్చి మెల్లగా చల్లారుస్తాడు. అదే అతుకును హడావిడిగా వేస్తే వెల్డు పక్కనే కొత్త చీలిక వస్తుంది. షాఫ్టు అరిగితే దాని మీద వెల్డింగ్ పోసి లేతులో తిప్పి కొలతకు తెస్తారు. బేకర్ పేటెంటులో ఉన్నది ఇదే పని. చక్కెర మిల్లుల్లో అయితే చెరకు నలిపే రోలర్ల పళ్ళు నున్నబడకుండా, రోలర్ తిరుగుతుండగానే వాటి మీద గట్టి లోహపు బొట్లు వెల్డు చేస్తారు. మల్లాపూర్ మండలం ముత్యంపేటలో నిజాం దక్కన్ షుగర్స్ మిల్లు 2015లో మూతపడింది. మిల్లు మూతపడితే చెరకు రైతు నష్టం అందరికీ కనిపిస్తుంది. అలాంటి పనిలో పండిన చేతులు చెదిరిపోవడం ఎవరి లెక్కలోకీ రాదు.

వరి పండే మన నేలలో రోటవేటర్ బ్లేడ్ల సంగతి ఇంకా ముఖ్యం. వాటిని గట్టి ఉక్కుతో, వేడి చికిత్స చేసి తయారు చేస్తారు. బురదా ఇసుకా అరగదీస్తే కొసన గట్టి లోహపు వెల్డు పోసి మళ్ళీ వాడతారు. వెల్డు పోసిన చోట బాగానే గట్టిపడుతుంది. దాని పక్క పట్టీకి తగిలిన వేడి మాత్రం అసలు చికిత్సను చెడగొట్టి మెత్తబరుస్తుంది. అప్పుడు బ్లేడు అక్కడ త్వరగా అరుగుతుంది, లేదా అక్కడే వంగుతుంది. ఏ రాడ్డు ఎంచుకోవాలి, కరెంటు ఎంత, రెండు వరసల మధ్య ఎంత ఆగాలి అన్నది జగిత్యాల మట్టికి, మన వాడకానికి తేల్చాల్సిన ప్రశ్న. హైదరాబాదులో పెద్ద సంస్థలు ఉన్నాయి కదా, ఇక్కడెందుకు అని అడిగేవారికి నా జవాబు ఈ బ్లేడే. 1963లో ఏర్పడి కంచన్‌బాగ్‌లో ఉన్న రక్షణ లోహ పరిశోధనశాల, 1973లో మొదలైన మిధాని లోహ కర్మాగారం, బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ దేశానికి గొప్ప పని చేస్తున్నాయి. హైదరాబాదుకే చెందిన స్కైరూట్ సంస్థ త్రీడీ ప్రింట్ చేసిన క్రయోజెనిక్ ఇంజిన్‌ను 2021 నవంబరులో మండించి చూసింది. రాకెట్ లోహం మీద పనిచేసేవాళ్ళు మన పొలం బురద మీద కూడా పనిచేయాలని ఆశించడం న్యాయం కాదు. ఆ పని ఈ జిల్లాల్లోనే జరగాలి.

జరగడానికి ఏం కావాలి? కొండగట్టు దగ్గర నాచుపల్లిలో 2007 నుంచి జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. సిరిసిల్లలో 2021లో ఇంకొకటి వచ్చింది. వాటికి కోట్ల ఖర్చుతో లేజర్ ప్రింటర్ కొనివ్వాలన్న ఆలోచన వస్తే నేను వ్యతిరేకిస్తాను. ఆ యంత్రానికి ఆర్గాన్ వాయువు కావాలి, ఖరీదైన పొడి కావాలి, వార్షిక మరమ్మతు ఒప్పందం కావాలి. ఇవి అందని ఏడాది అది గదిలో గుడ్డ కప్పుకుని ఉంటుంది. కావాల్సింది ముక్క కోసే రంపం, నునుపు చేసే చక్రం, ఆల్కహాల్‌లో కొన్ని చుక్కల నైట్రిక్ ఆమ్లం, మంచి సూక్ష్మదర్శిని, విక్కర్స్ గట్టిదనం కొలిచే యంత్రం, థర్మోకపుల్ తీగలు, వేడిని నమోదు చేసే పరికరం. విరిగిన అతుకును అడ్డంగా కోసి, నునుపు చేసి, ఆమ్లం అద్దితే వెల్డు, దాని పక్క పట్టీ, చెడని ఉక్కు మూడూ కంటికే విడివిడిగా కనిపిస్తాయి. ఆ పట్టీ మీద అర మిల్లీమీటరుకు ఒకచోట గట్టిదనం కొలిస్తే ఆ లోహం చూసిన వేడి చాలావరకు తెలిసిపోతుంది. ప్రింటింగ్ నేర్చుకోవాలంటే మామూలు సీవోటూ వెల్డింగ్ సెట్టును మూడు దిక్కులా కదిలే చట్రానికి బిగించి, తీగ లోహంతో పొర మీద పొర వేయవచ్చు. అందులో వచ్చే ప్రశ్నలు లేజర్ యంత్రంలో వచ్చేవే. పొరకూ పొరకూ మధ్య ఎంత ఆగాలి? గోడ వంగకుండా ఎలా? అడ్డంగా లాగితే ఎంత బలం, నిలువుగా లాగితే ఎంత? వీటికి జవాబు వెతికిన విద్యార్థి రేపు ఏ ఖరీదైన యంత్రం ముందు నిలబడినా తడబడడు.

రోబోలు వస్తున్నాయి, వెల్డర్ కోసం ఇంత ఎందుకని ఇంకొక ఆక్షేపణ. ఒకే అతుకు వేల సార్లు వేసే చోట రోబో మంచిదే. ఆ రోబోకు ఎంత కరెంటు, ఎంత వేగం, ఎక్కడ విరామం అని చెప్పేది వేడి చరిత్ర తెలిసినవాడు. అరిగిన షాఫ్టు, విరిగిన సాంచా కాలు, బాయిలర్ మూలలో చేయి మాత్రమే పట్టే చోటు, వీటి దగ్గర ప్రతి పనీ కొత్త పనే. ఇవి చాలాకాలం చేతికే మిగులుతాయి.

చివరి విషయం కాగితం. పి91 పైపు వేడిని గీసిన గ్రాఫు కంపెనీ ఫైలులో ఉంటుంది. వెల్డర్ ఏ పరీక్ష, ఏ పద్ధతిలో, ఏ మందం మీద దాటాడన్న రికార్డు కూడా అక్కడే ఉంటుంది. అమెరికన్ కోడ్ పాటించే చోట ఆరు నెలలు ఆ పద్ధతిలో వెల్డు చేయకపోతే అర్హత పోతుంది. కొత్త కంపెనీలో మళ్ళీ పరీక్షే. పదేళ్ళు గల్ఫ్‌లో పైపులు అతికి కోరుట్లకు తిరిగి వచ్చిన మనిషి చేతిలో ఆ పదేళ్ళకు సాక్ష్యంగా పెద్దగా ఏమీ ఉండదు. షాపు పెట్టుకుంటే గేట్లు, గ్రిల్లులు చేస్తాడు. అతని చేతిలోని విద్య అక్కడ అక్కరకు రాదు. మన కాలేజీ ఇచ్చిన కాగితాన్ని విదేశీ కంపెనీలు ఎందుకు నమ్ముతాయని అడగవచ్చు. అమెరికన్ కోడ్ కింద నమ్మవు, నిజమే. ఐఎస్‌ఓ 9606 ప్రమాణం దారి వేరు. అందులో అర్హత పత్రం వెల్డర్ పేరు మీద, పరీక్షకుడి సంతకంతో వస్తుంది. ఆరు నెలలకోసారి పని సాగుతోందని ధ్రువీకరించాలి, మూడేళ్ళకోసారి మళ్ళీ పరీక్ష పెట్టవచ్చు. ఆ పరీక్ష ముక్కలను వంచి, విరిచి, కోసి చూడటానికి కావాల్సినవి ఇందాక చెప్పిన రంపం, నునుపు చక్రం, ఆమ్లం, సూక్ష్మదర్శిని, వాటితో పాటు వంచే ప్రెస్సు, ఎక్స్‌రే తీయించుకునే ఏర్పాటు. గుర్తింపు ఉన్న పరీక్షా సంస్థతో ఒప్పందం కుదిరితే జగిత్యాలలో, సిరిసిల్లలో ఈ పని నడుస్తుంది. అక్కడికి వచ్చే ప్రతి పరీక్ష ముక్కతో పాటు ఎన్ని ఆంపియర్లు, చేయి వేగం ఎంత, వరసల మధ్య వేడి ఎంత అన్నది కూడా నమోదు చేసుకుంటే, కొన్నేళ్ళకు ఈ పట్టణాల వెల్డర్ల చేతి పని మీద ఇంతకుముందు ఎక్కడా లేని లెక్క తయారవుతుంది. పరిశోధన చేయదలచిన విద్యార్థికి మొదటి పట్టిక అదే.